గొంతు నొప్పికి మందు సరే, పరీక్ష ఏదీ?

పిల్లలకు గొంతు నొప్పి అనగానే మందుల షాపులో యాంటీబయాటిక్ కొనడం మన ఇళ్లలో అలవాటైంది. చాలావరకు ఆ నొప్పి వైరస్‌ల వల్లే; వాటిపై ఆ మందు పనిచేయదు. అసలు ముప్పు స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ అనే బ్యాక్టీరియాతో. వదిలేస్తే 2, 3 వారాల్లో రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతినవచ్చు.

దాన్ని గుర్తించే పరీక్ష పాతదే. గొంతు నుంచి తీసిన నమూనాను గొర్రె రక్తం కలిపిన బ్లడ్ అగార్‌పై పూసి, 35-37 డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచుతారు. ఎర్ర రక్తకణాలు పగిలి, బ్యాక్టీరియా చుట్టూ తేటగా వలయం కనిపిస్తుంది. బాసిట్రాసిన్ బిళ్ల దగ్గర అది పెరగకపోతే అనుమానం బలపడుతుంది.

ఫలితం కోసం ఒకటి రెండు రోజులు ఆగితే ప్రమాదమా? నొప్పి మొదలైన 9 రోజుల్లోపు డాక్టరు పెన్సిలిన్ మొదలుపెట్టినా రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చు. ఊరి ప్రభుత్వాసుపత్రిలో ఈ పరీక్ష ఉండాలని మన తెలుగు సంఘాలు గట్టిగా అడగాలి.