అద్దాల మేడ చల్లనా? మట్టి ఇల్లు చల్లనా?



ఎండకాలం సెలవుల్లో హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకుంటున్న మా అక్క దగ్గరికి పోయాను. అమీర్‌పేట నుండి పంజాగుట్టకు మెట్రో రైల్లో పోతుంటే పెద్ద పెద్ద అద్దాల మేడలు కనబడ్డాయి. ఎంత బాగున్నాయో అనుకున్నాను. కానీ అద్దం ఎండను లోపలికి రానిస్తుంది, లోపలి వేడిని పోనియ్యదు. అందుకే ఏసీలు నడవాలి. ఆ ఏసీలు వేడిగాలిని రోడ్డు మీది మనుషులపైకే వదులుతాయి.

మా ఊళ్లో మాది మట్టి ఇల్లు. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడేదాన్ని. కానీ మందపాటి మట్టి గోడ మెల్లగా వేడెక్కుతుంది. మధ్యాహ్నం లోపల చల్లగా ఉంటుంది. అయితే వానాకాలం కప్పు కారుతుంది, అదీ నిజమే. పాతదంతా మంచిది కాదు, కొత్తదంతా గొప్పదీ కాదు.

రెండూ కలిపి కట్టొచ్చు. హైటెక్ సిటీ దగ్గర గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనాన్ని 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు. దానికి గాలి వచ్చే జాలీ గోడలున్నాయి, కప్పు మీద మొక్కలున్నాయి, సోలార్ పలకలూ ఉన్నాయి. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. తెల్లని కప్పు ఎండను వెనక్కి కొడుతుంది. మన సున్నం చేసే పనీ అదే కదా!

మన హాస్టల్ స్లాబు రాత్రి కూడా వేడి కక్కుతుంది, నిద్ర పట్టదు. ఎండలు ముదరకముందే స్లాబు మీద సున్నం వేయించండి మేడం. నీళ్లు మేం మోస్తాం.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని