రాడార్‌పైనే గురి!

శత్రువిమానం ఎక్కడుందో రాడార్ ఇట్టే పట్టేస్తుంది. అందుకోసం అది రేడియో తరంగాల్ని వదులుతూనే ఉండాలి. చీకట్లో కాపలావాడు టార్చిలైటు వేసినట్టన్నమాట. దొంగ కనిపిస్తాడు సరే, కాపలావాడు ఎక్కడున్నాడో దొంగకీ తెలిసిపోతుంది! యాంటీ రేడియేషన్ క్షిపణికి ఆ జాడ చాలు. తరంగాలు వచ్చే దిక్కు పట్టుకుని నేరుగా రాడార్ మీదే పడుతుంది.

వియత్నాం యుద్ధంలో అమెరికా 'ష్రైక్' క్షిపణుల్ని ఇలాగే ప్రయోగించింది. ఉత్తర వియత్నాం సైనికులు దానికీ విరుగుడు కనిపెట్టారు. అనుమానం రాగానే రాడార్‌ను ఆపేసేవారు. జాడ తెగిపోయి ష్రైక్ గురి తప్పేది. దాంతో, రాడార్ ఉన్న చోటును గుర్తుపెట్టుకునే క్షిపణులు వచ్చాయి.

మన డీఆర్‌డీవో తయారుచేసిన 'రుద్రం-1' ఈ కోవలోదే. జీపీఎస్, ఇనర్షియల్ నేవిగేషన్‌ల సాయంతో దూసుకెళ్లి, చివర్లో తరంగాల్ని పసిగట్టి దాడిచేస్తుంది. 2020 అక్టోబరు 9న సుఖోయ్-30 విమానం నుంచి వదిలితే ఒడిశా తీరంలోని దీవిలో ఉంచిన లక్ష్యాన్ని ఛేదించింది. 2024 మే 29న రుద్రం-2నీ పరీక్షించారు.

ఇంతకీ శత్రువు భయపడి రాడార్ ఆపేస్తే? అదీ గెలుపే. రాడార్ కళ్లు మూసుకున్న ఆ కాసేపూ మన పైలట్లకు ప్రాణగండం తప్పినట్టే!