చెప్పకుండా రండి

(పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసే కాంట్రాక్టు కార్మికుల ప్రణాళిక)

తనిఖీ ఉందంటే మాకు ముందురోజే తెలిసిపోతుంది. షెడ్డు కడిగిస్తారు. స్టోర్లో మూలుగుతున్న కొత్త హెల్మెట్లు బయటికొస్తాయి. కాంట్రాక్టు వాళ్లలో సగంమందికి "రేపు రావద్దులే" అని చెబుతారు. సారు వచ్చి, రిజిస్టర్లు తిరగేసి, టీ తాగి వెళ్తారు. సాయంత్రానికి హెల్మెట్లు మళ్లీ స్టోరుకే.

అందుకే మా మొదటి డిమాండు జీతం గురించి కాదు. చెప్పకుండా రండి, నైట్ షిఫ్టులో రండి, మాలో ఒకరిని వెంటబెట్టుకుని షెడ్డంతా తిరగండి. ముందస్తు కబురు లేకుండా, పగలైనా రాత్రయినా లోపలికి వెళ్లే అధికారం ఇన్‌స్పెక్టరుకు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1947లోనే తన 81వ ఒడంబడికలో రాసింది. 1949లో మన దేశం దానికి ఒప్పుకుంది కూడా.

2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభైమందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది పొట్టచేత పట్టుకుని ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లే. ఎవరు ఎవరో తేల్చడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది, కొందరి ఆనవాలే దొరకలేదు. అందుకే మా రెండో డిమాండు: షిఫ్టులో ఉన్న ప్రతి మనిషి పేరూ, ఏ కాంట్రాక్టరు తరఫున వచ్చినా సరే, ఫ్యాక్టరీ మస్టరులో ఉండాలి. రోజూ ఒక కాపీ యూనియన్‌కు ఇవ్వాలి. "మేస్త్రీకి తెలుసులే" అంటే ఒప్పుకోం.

మస్టరు మీద ఇంత పట్టు ఎందుకంటే, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్ల ప్రకారం, ఒకటికి మించి యూనియన్లున్నచోట, మస్టరులో ఉన్నవాళ్లలో 51 శాతం మద్దతున్న యూనియనే యాజమాన్యంతో ఏకైక ప్రతినిధిగా మాట్లాడుతుంది. మా పేర్లు కాంట్రాక్టరు పుస్తకంలో ఉంటే ఆ లెక్కలో మేమెక్కడ? పైగా 50 మంది లోపు ఉంటే కాంట్రాక్టరుకు లైసెన్సే అక్కర్లేదట. ఒకే షెడ్డుకు ముగ్గురు కాంట్రాక్టర్లు ఎందుకో ఇక విడమరిచి చెప్పాలా!

కోడ్లలో మంచి లేదనం. అందరికీ అపాయింట్‌మెంట్ లెటర్, ఓటీకి రెట్టింపు కూలీ, ఏటా ఉచిత వైద్యపరీక్ష రాసి ఉన్నాయి. అవి వసూలు చేసుకుంటాం.

మా సంఘంలో పర్మినెంటు, కాంట్రాక్టు తేడా ఉండదు. నోటీసులు తెలుగు, హిందీ, ఒడియా మూడింటిలోనూ వేస్తాం. ప్రమాదం ఉందని నోరు విప్పినవాడి గేట్‌పాస్ లాక్కుంటే, చట్టం అడిగే 14 రోజుల సమ్మె నోటీసు అదే రోజు యాజమాన్యం టేబుల్ మీద పెడతాం.