ప్రార్థిద్దాము, పరీక్షించి ఎన్నుకుందాము



ఆపరేషన్‌కు ముందు ప్రార్థన చేస్తాము, రక్తపరీక్ష కూడా చేయించుకుంటాము. దానివలన విశ్వాసము తగ్గిందని ఎవరూ అనరు. కానీ సంఘపెద్దల ఎన్నికలో మాత్రము "దేవుడే చూసుకుంటాడు" అని ఊరుకుంటాము. అప్పుడు మనవాడా, మన కులమా అన్న లెక్కలే గెలుస్తాయి.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము చూడండి. ప్రతిదినము జరిగే పంపిణీలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అన్యాయము జరుగుతున్నదని సణుగు పుట్టింది. మంచిపేరు, ఆత్మ, జ్ఞానము గల ఏడుగురిని వెదకమని అపొస్తలులు సంఘమునకే అప్పగించారు. ఎన్నికైన ఏడుగురివీ గ్రీకు పేర్లే! అంటే నష్టపోయిన వారి పక్షమునకే బాధ్యత దక్కింది. అలా ఎన్నుకున్న తరువాత ప్రార్థించి వారిమీద చేతులుంచారు.

మన దగ్గర కూడా సాక్ష్యమున్నది. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడైన వి.ఎస్. అజరయ్యగారు 1909లో మిషనరీగా డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకొని సేవ చేశారు. 1912 డిసెంబర్ 29న ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్‌గా అభిషేకము పొందారు. తెల్లవారిలో కొందరు, మనవారిలో కొందరు వద్దన్నారు. అయినా 1945లో మరణించేవరకు ఆయన తెలుగు పల్లెలకు కాపరిగా నిలిచారు. పుట్టుకను చూసి కాదంటే ఆ కాపరిని పోగొట్టుకునేవాళ్ళము.

కాబట్టి ఓటు వేసే ముందు మోకరించండి. ఆపై అడగండి: విధవరాలి కానుకను, బీదరోగి సహాయనిధిని ఈయన చేతిలో, లేదా ఈమె చేతిలో, పెడితే పైసాపైసాకు లెక్క చెబుతారా? ఆ ప్రశ్న అడిగించేది కూడా దేవుని నడిపింపే.

ప్రభువు మనకు వివేచన దయచేయును గాక. ఆమెన్.