రాలిన ఆకుకు నిప్పా, గొయ్యా?

ఫాల్గుణంలో రాజధాని వీధులు రాలిన వేపాకులతో నిండిపోతాయి. వాటిని కుప్పచేసి తగలబెట్టడం ఇక్కడ చిరకాలపు అలవాటు. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దీనిని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా నిర్ణయించింది. అయినా పొగ ఆగలేదు.

ఆకును కాల్చి ఎరువు బస్తా కొనుక్కోవడం ఏమి పొదుపు? గోతిలో ఆకు, పేడ, మట్టి పొరలుగా వేసి తడి ఆరకుండా చూస్తే ఏడాది తిరిగేలోగా నల్లని ఎరువు చేతికొస్తుంది. అందులో ఇసుక కలిపి, వానాకాలంలో కణుపు కింద కోసిన మందార కొమ్మను గుచ్చితే కొన్ని వారాలలో వేళ్లూనుతుంది.

కొత్త రాజధాని బాటలకు సుందర్ నర్సరీలో మొక్కలు పెంచిన నగరమిది. ఈ విద్య దానికి కొత్తది కాదు. జరిమానా భయం ఊడ్చే కూలీకే మిగులుతున్నది. నిప్పు వద్దన్న ప్రభుత్వమే ప్రతి పార్కులోనూ ఆకుకు ఒక గొయ్యి చూపాలి.