తలనొప్పులన్నియు నొక్కటి కావు



ఇంటిలో నెవరికైన జ్వరము వచ్చినచో నందఱును గమనింతురు. ఇల్లాలి తలనొప్పి యామెకు దక్క నన్యులకు తెలియదు. నుదుటికి గుడ్డ బిగించి కట్టుకొని, అలమరలోని మాత్ర యొకటి మ్రింగి, యామె వంటయింటిలోనికి పోవును. మఱునాడును అదే మాత్ర. నొప్పి యేజాతిదో విచారింపక మాత్రను నమ్ముట యెట్టి చిక్కులు దెచ్చునో యీ నెల ముచ్చటింతము.

తలనొప్పులలో భేదములున్నవని మన పూర్వులెఱుగుదురు. సుశ్రుతసంహిత శిరోరోగములను 11 విధములుగా జెప్పి, తలలో సగమును పీడించుదానిని అర్ధావభేదకమనియు, ప్రొద్దుతో హెచ్చి ప్రొద్దుతో తగ్గుదానిని సూర్యావర్తమనియు పేర్కొన్నది. నేటి వైద్యులు ముఖ్యముగా రెండు తెగలు చేయుదురు: నొప్పియే వ్యాధియైనది యొకటి, వేఱొక వ్యాధికి గుర్తుగా వచ్చునది రెండవది.

మొదటి తెగలో మిక్కిలి సామాన్యమైనది బిగువు తలనొప్పి. తలచుట్టును పట్టీ వేసి బిగించినట్లు రెండు ప్రక్కలను నొచ్చును. వాంతి యుండదు, పని చేసికొనవచ్చును. నిద్రలేమి, మనోవ్యాకులత దీనిని హెచ్చించును.

పార్శ్వపునొప్పి, అనగా మైగ్రేను, వేఱు. ఇది తఱచుగా నొక ప్రక్కనే నాడి కొట్టుకొన్నట్లు పోట్లు పొడుచును. వెలుతురును, సవ్వడియు సహింపరానివగును, వికారము, వాంతి కలుగును, మెట్లెక్కినను హెచ్చును. చికిత్స లేనిచో 4 గంటలు మొదలు 72 గంటల వఱకు నుండవచ్చును. కొందఱికి ముందుగా కన్నుల యెదుట మెఱపులు, వంకరగీతలు కనబడును. ఇది పురుషులకంటె స్త్రీలకు సుమారు 3 రెట్లు హెచ్చు. ఋతుకాలమునకు ముందు ఈస్ట్రోజెన్ అను స్రావము తగ్గుట యిందులకొక కారణము. భోజనవేళ దప్పుటయు కొందఱికి దీనిని రేపును. అందఱును భుజించిన పిదప మూడు గంటలకు కంచము ముందు గూర్చుండు తల్లులును, నోములకు ఉపవసించు సోదరీమణులును దీనిని గుర్తింపవలెను. మెఱపులు కనబడువారు గర్భనిరోధక మాత్రలు వాడదలచినచో ఆ సంగతి వైద్యునికి చెప్పితీరవలెను; ఈస్ట్రోజెన్ గల మాత్రలు వారికి పక్షవాతభయమును పెంచును.

ఇక ముఖ్యమైన మాట. నొప్పిని పోగొట్టు మాత్రయే నొప్పిని తెచ్చుటయు గలదు. పారాసిటమాల్ వంటి సామాన్యపు మాత్రలను నెలకు 15 దినములో అంతకు మించియో, కెఫీను మొదలగు పలు మందులు కలిపిన మాత్రలను 10 దినములో అంతకు మించియో, 3 నెలలు దాటి మ్రింగువారికి తలనొప్పి నిత్యమై కూర్చుండవచ్చును. వైద్యుని యాలోచనతో వానిని మానుటయే దీనికి విరుగుడు. మానిన తొలిదినములలో బాధ హెచ్చినను, పిదప చాలమందికి తగ్గును. పార్శ్వపునొప్పి తఱచుగా రాకుండ నిచ్చు మందులును వేఱుగా నున్నవి.

కొన్ని గుర్తులు కనబడినచో జాగు చేయరాదు: పిడుగు పడినట్లు ఒక్కసారిగా వచ్చిన తీవ్రమైన నొప్పి, జ్వరముతో మెడ బిగియుట, మాట తడబడుట, కాలుసేతులు చచ్చుపడుట, తలకు దెబ్బ తగిలిన పిదప నొప్పి, 50 ఏండ్లు దాటిన పిదప క్రొత్తగా వచ్చిన నొప్పి. గర్భిణికి 20 వారములు నిండిన పిదప తీవ్రమైన తలనొప్పి వచ్చినను, చూపు మసకబారినను, ముఖము ఉబ్బినను వెంటనే రక్తపుపోటు చూపింపవలెను. అది 140/90 ముట్టినచో ప్రమాదసూచన. బాలింత తలనొప్పినిగూడ తేలికగా నెంచరాదు.

మీరు చేయవలసినది స్వల్పము. గోడమీది క్యాలెండరులో పాలలెక్క వ్రాయుచోటనే, నొప్పి వచ్చిన దినమున నొక చుక్క, మాత్ర మ్రింగిన దినమున నొక గీత, ఋతుదినమున నొక సున్న చుట్టుడు. రెండు మూడు నెలల పిదప ఆ పుటలను వైద్యునికి చూపుడు. నొప్పి యేజాతిదో పోల్చుటకు అవి యెంతయో తోడ్పడును. గ్రుక్కెడు పాల లెక్కయు తప్పనీయని యిల్లాలు తన నొప్పి లెక్కను మఱువనేల?