మాజీ సైనికులు, మన మోకాళ్లు

ఫజ్ర్ నమాజు ముగించుకొని మస్జిదు నుంచి బయటికి వచ్చే వేళకు యాదగిరిగుట్ట చుట్టూ ఉన్న రోడ్డు మీద నడిచేవారు అప్పటికే కనిపిస్తుంటారు. మరికొంచెం వెలుతురు వచ్చేసరికి సైన్యంలోనో పోలీసు శాఖలోనో చేరాలన్న యువకులు మైదానానికి చేరుకుంటారు. 1.6 కిలోమీటర్ల పరుగు, తొమ్మిది అడుగుల గుంత దూకడం, అడ్డకడ్డీ పట్టుకొని గడ్డం పైకి వచ్చేలా లేవడం - ఇదీ వారి సాధన. మన ప్రాంతంలో ఏ చిన్న పట్టణానికి వెళ్లినా ఇటువంటి మైదానం ఒకటి, అక్కడ ఈల పట్టుకొని నిలబడిన మాజీ సైనికుడు ఒకరు తప్పక ఉంటారు. పరుగెత్తే పిల్లల సంగతి వారి గురువులు చూసుకుంటారు. ఈ నెల మనం మాట్లాడుకోవలసింది ఆ ఈల పట్టుకున్న పెద్దమనుషుల గురించి.

సిపాయిగా చేరినవారిలో చాలామంది నలభై ఏళ్లు నిండకముందో, ఆ దరిదాపుల్లోనో పింఛనుతో ఇంటికి వస్తారు. అంతవరకు వారి శరీరాన్ని కాపాడింది సైన్యపు నియమం. ఆయుధంతో, వీపున మూటతో అయిదు కిలోమీటర్లు పరుగెత్తే పరీక్షను వయసును బట్టి నిర్ణయించిన సమయంలో పూర్తి చేయవలసిందే. ఇంటికి వచ్చిన మరునాటి నుంచి తెల్లవారుజామున ఈల ఊదేవారు ఉండరు. తిండి మాత్రం పాత లెక్కలోనే సాగుతుంది. ఆ పైన దొరికే ఉద్యోగం తరచుగా కాపలా ఉద్యోగం, అంటే పన్నెండు గంటలు నిలబడడమో కుర్చీలో కూర్చోవడమో. ఒకే రెజిమెంటులో ఒకే శిక్షణ పొందిన ఇద్దరిలో ఒకరు డెబ్భై ఏళ్లకు నిటారుగా నడుస్తుంటే, మరొకరు యాభై దాటగానే మెట్ల దగ్గర ఆగిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. యౌవనంలో ఎడారిలో కట్టడాల పని చేసి, తిరిగి వచ్చి దుకాణంలో కూర్చున్న మన గల్ఫ్ సోదరులలో ఎంతోమందిది కూడా ఇదే కథ. అందువల్ల ఈ ప్రశ్న సైనికులది మాత్రమే కాదు.

సుబేదారుగా విరమణ పొంది భువనగిరి వైపు స్థిరపడిన ఒక పెద్దాయనను, "సుబేదార్ సాబ్, ఈ వయసులో మీరు దేనిని కాపాడుకోవాలని చూస్తున్నారు?" అని అడిగాను. పరుగు అంటారేమో, బలం అంటారేమో అనుకున్నాను. "పరుగు ఎప్పుడో పోయింది బేటా, పోనీ. నేల మీద కూర్చొని, గోడ పట్టుకోకుండా లేవడం ఒక్కటి మిగిలితే చాలు" అన్నారు.

ఈ జవాబు మన ఇళ్లకు సూటిగా తగులుతుంది. మస్జిదులో వెనుక వరుస కుర్చీల సంఖ్య ఏటేటా పెరుగుతున్నది. అవసరమున్న వారికి కుర్చీలో నమాజు అనుమతింపబడినదే, దాని మీద ఎవరినీ తప్పు పట్టనవసరం లేదు. అయితే ఆ కుర్చీల్లో యాభై అయిదేళ్ల వారు కూడా కనిపించడం ఆలోచించవలసిన విషయం. రుకూ, సజ్దా, ఖఅదాలలో నడుము, తుంటి, మోకాలు, చీలమండ పూర్తిగా వంగి తిరిగి లేస్తాయి. ఆ వంపును ఒకసారి వదులుకుంటే తిరిగి రాబట్టుకోవడం కష్టం. కాబట్టి మోకాలు నొప్పి మొదలైన రోజునే కుర్చీ వెతుక్కోకుండా, ముందు వైద్యుని వద్దకు వెళ్లి కారణం తెలుసుకోవాలి. నల్లగొండ వాసులకు ఇక్కడ మరొక మాట కూడా చెప్పాలి. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉన్న బోరు నీటిని ఏళ్ల తరబడి తాగినవారికి వెన్ను, మెడ, మోకాళ్లు బిగుసుకుపోయే ప్రమాదం ఉన్నది. చిన్న వయసులోనే నడుము వంగడం లేదంటే వ్యాయామం కంటే ముందు తాగే నీటిని పరీక్ష చేయించాలి.

ఇక సాధన సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ అవసరం. అరవై అయిదు దాటినవారు దీనికి తోడు వారంలో కనీసం మూడు రోజులు శరీరం తూలకుండా నిలబెట్టే వ్యాయామాలు, కండరాల బలాన్ని పెంచే వ్యాయామాలు చేయాలి. మన పెద్దలు నడక వరకు వచ్చి ఆగిపోతున్నారు. మాజీ సైనికులు ఆగనిది ఇక్కడే. చేతులు కట్టుకొని కుర్చీ మీది నుంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి ఒళ్లు వంచి నెట్టడం, పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడడం - ఇవి వారు ఇంట్లోనే చేస్తారు, ఎవరికీ చెప్పరు. నడకకు వారి కొలత కూడా చాలా సులభం. పక్కవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడబోతే ఊపిరి చాలకూడదు. చేతి గడియారం అంకెలు చూపకపోయినా ఈ కొలత తప్పదు.

గుట్టలున్న ప్రాంతం కనుక ఎక్కుదల దిగుదలల మాట తప్పదు. ఇక్కడికి దగ్గరలోని భువనగిరి కోట ఏకశిల మీద ఉన్నది. 2014 మే 25న పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్టు శిఖరాన్ని చేరిన మాలావత్ పూర్ణ మొదట శిక్షణ పొందినది ఆ రాతి మీదనే. ఆదివారం నాడు ఆ కోట ఎక్కే కుటుంబాలు ఎక్కేటప్పుడు ఆయాసపడి, దిగేటప్పుడు పరుగెత్తుతాయి. కొండ ప్రాంతాల్లో పనిచేసి వచ్చిన సైనికుల మాట దీనికి విరుద్ధం. ఎక్కడం ఊపిరికి పరీక్ష, దిగడం మోకాలికి పరీక్ష అంటారు వారు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ శరీర బరువును ఆపుతుంది. మరునాటి నొప్పులు ఎక్కువగా అందువల్లనే. చిన్న అడుగులు వేస్తూ, మోకాలిని కొద్దిగా వంచి ఉంచి దిగాలి. ఒక మోకాలు బాధిస్తుంటే చేతికర్రను నొప్పి లేని వైపు చేతితో పట్టుకోవాలి. నిలబడి చేతిని వదులుగా వేలాడదీసినప్పుడు కర్ర పిడి మణికట్టు ముడత దగ్గరకు రావాలి. మన పెద్దల్లో చాలామంది తాత వాడిన కర్రనే, నొప్పి ఉన్న వైపే పట్టుకొని నడుస్తుంటారు.

అయినా సైనికుడు చెప్పిన ప్రతి మాటా అనుసరణీయం కాదు. నొప్పిని లెక్కచేయకపోవడం వారి వృత్తి ధర్మం, మనకు అది అవసరం లేదు. గట్టి అడుగున్న బూట్లతో తారు రోడ్డు మీద ఏళ్ల తరబడి పరుగెత్తిన మోకాళ్లు ఇప్పుడు ఏమంటున్నాయో వారిలో చాలామంది దాచకుండానే చెబుతారు. మైదానంలో పిల్లల చేత అదే చేయిస్తున్నవారు మాత్రం ఒకసారి ఆలోచించాలి.

పరికరాల విషయంలో వారి అభిప్రాయం దాదాపు ఒక్కటే. శరీరానికి తగిలే వస్తువు మీద డబ్బు పెట్టు, గోడ పక్కన నిలబడే వస్తువు మీద పెట్టకు. మన ఇళ్లలో నడక యంత్రాలు కొన్ని నెలలకే దుప్పట్లు ఆరేసే దండేలుగా మారుతున్నాయి. ఆ ధరలో నాలుగో వంతు పెడితే మంచి బూట్లు వస్తాయి. బూట్లు సాయంత్రం పూట కొనాలి, ఎందుకంటే పగలంతా తిరిగిన పాదం కొంత ఉబ్బి ఉంటుంది. వేసుకోబోయే మేజోళ్లతోనే తొడిగి చూడాలి. అన్నిటికంటే పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ మాత్రం జారకూడదు. వాడుకలో సర్దుకుంటాయి అన్న దుకాణదారు మాట నమ్మవద్దు. బిగుతు బూటు సర్దుకోదు, పాదమే దెబ్బతింటుంది. పైభాగం చెక్కుచెదరకున్నా అడుగు ఒకవైపు అరిగిపోతే దాని పని అయిపోయినట్లే. పొదుపు పేరుతో పెద్దకొడుకు విడిచిన బూట్లను తండ్రి వేసుకోవడం మన ఇళ్లలో మామూలు. పాదం కొలత ఒకటే అయినా, అరుగుదల కొడుకు నడకది.

బూట్ల కంటే మేజోళ్ల గురించి ఎక్కువ మాట్లాడే మాజీ సైనికులను చూస్తే మొదట నవ్వు వస్తుంది. తడిసిన మేజోడు చర్మాన్ని రాపిడి చేసి బొబ్బ లేపుతుంది, దూరపు నడకలో మనిషిని ఆపేది తరచుగా ఆ బొబ్బే. నూలు మేజోడు చెమటను పీల్చుకొని తడిగానే ఉండిపోతుంది. అందుకే దూరం నడిచేటప్పుడు వారు మరో పొడి జత వెంట ఉంచుకుంటారు. ఇందులో మనం ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటున్నది. రోజుకు అయిదుసార్లు వుజూ చేసేవారు తడి పాదాలకే మేజోళ్లు తొడిగితే వేళ్ల సందుల్లో పాచి పుండ్లు పడతాయి. వేళ్ల మధ్య తుడుచుకోవడానికి ఒక చిన్న గుడ్డ దగ్గర ఉంచుకుంటే చాలు.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914-15 చలికాలంలో ఫ్రాన్సు కందకాల్లో నిలిచిన సైనికులకు తడి, చలి వల్ల పాదాలు చెడిపోయాయి. వేల మందికి కాలివేళ్లు కుళ్లే స్థితి వచ్చింది. మన దేశపు సిపాయీలు కూడా ఆ బురదలో ఉన్నారు. ఆ తర్వాత పాదాల తనిఖీ సైనిక విధిగా మారింది. ఇద్దరిద్దరిని జతగా చేసి, ఒకరి పాదాలకు మరొకరిని బాధ్యులను చేసిన పద్ధతి కూడా అప్పటిదే. ఈ పద్ధతి ఇప్పుడు ఎక్కువ అవసరమైనది మధుమేహం ఉన్న ఇళ్లకు. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా, బొబ్బ చితికినా నొప్పి తెలియదు, చాలా రోజులకు పుండు కనిపిస్తుంది. అరికాలు తనకు తాను చూసుకోవడం వయసు మళ్లినవారికి అంత సులభం కాదు. ఇషా తర్వాత భార్య పాదాలు భర్త, భర్త పాదాలు భార్య ఒక్క నిమిషం చూడాలి. వేళ్ల సందులు, మడమ పగుళ్లు, రంగు మారిన చోటు చూస్తే చాలు. ఇది చిన్నతనమని భావించే భర్తలు ఉన్నారని తెలుసు. కాలు తీసేసిన తర్వాత చేసే సేవ కంటే ఇది తేలిక.

సైనికుడు పిట్టూ అని పిలిచే వీపు సంచి సర్దే తీరు తల్లులకు పనికొస్తుంది. బరువైన వస్తువు వీపుకు ఆనుకొని ఉండాలి, తేలికైనది బయటి వైపు ఉండాలి. రెండు పట్టీలూ భుజాల మీదే ఉండాలి, సంచి నడుము కిందికి వేలాడకూడదు. మన పిల్లలు ఒక భుజానికి తగిలించి, లావు పుస్తకాలు వెలుపలి వైపు పెట్టి బడికి పోతున్నారు. కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రకటించిన పాఠశాల సంచుల విధానం ప్రకారం సంచి బరువు పిల్లవాని బరువులో పదో వంతు మించరాదు. ముప్పై కిలోల పిల్లవానికి మూడు కిలోలన్నమాట. ఇంటి తూకం మీద ఒకసారి పెట్టి చూడండి.

ఇంతసేపు మైదానం గురించి మాట్లాడుకున్నాం కాని, తెల్లవారుజామున ఆ మైదానంలో మన స్త్రీలు దాదాపు కనిపించరు. పురుషుడు నడిచి వచ్చేసరికి ఆమె టిఫిన్ సిద్ధం చేస్తుంటుంది. ఇంటి చాకిరీ వ్యాయామమే కదా అనే మాట నాకు సమ్మతం కాదు. నిలబడి చేసే పనిలో అలసట ఉంటుంది, తొడకు గాని వెన్నుకు గాని తగినంత బలం రాదు. డాబా మెట్లు నిదానంగా ఎక్కి దిగడం, మూడు కిలోల బియ్యం సంచిని ఛాతీకి హత్తుకొని కుర్చీ మీది నుంచి లేవడం - వీటికి మైదానం అక్కరలేదు. అక్కరయినది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు టీ కాచే పని ఇంట్లో మరొకరు చేయాలి.

హజ్‌కు సిద్ధమవుతున్న ఇళ్లలో ఈ విషయాలన్నీ ఒకేసారి ముందుకు వస్తాయి. సఫా, మర్వాల మధ్య ఏడు మార్లు నడిస్తేనే మూడు కిలోమీటర్లు దాటుతుంది. తవాఫ్, మినాలోని గుడారం నుంచి జమరాత్‌కు రాకపోకలు దానికి అదనం. బస్సులు, రైలు ఉన్నా రద్దీలో నడక తప్పదు. 2024 హజ్‌లో మక్కాలో ఉష్ణోగ్రత 51 డిగ్రీలు దాటింది. 1,301 మంది మరణించినట్లు సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో అత్యధికులు అనుమతి లేకుండా వెళ్లి, నీడ, వసతి లేక ఎండలో చాలా దూరం నడిచినవారు. శరీరం వేడికి అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుందని సైన్యాల అనుభవం. గుట్ట రోడ్డు మీద ఫజ్ర్ తర్వాత చల్లని వేళ మాత్రమే నడిచి వెళ్లినవారికి ఆ అలవాటు ఉండదు. వైద్యుని అనుమతితో చివరి రెండు మూడు వారాలు కొంచెం ఎండ ఎక్కిన తర్వాత, నీళ్లు వెంట ఉంచుకొని, పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. రక్తపోటు, గుండె, మూత్రపిండాల మందులు వాడేవారు ఈ పని సొంత నిర్ణయంతో చేయరాదు. ఓఆర్ఎస్ పొట్లాలు సామానులో ఉండాలి. అవి దొరకనిచోట లీటరు శుభ్రమైన నీటికి ఆరు సమతల చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. మధుమేహులు ఈ విషయం ముందే వైద్యుని అడగాలి.

పాదరక్షల విషయంలో ఇహ్రామ్‌లో ఉన్న పురుషులకు మేజోళ్లు, బూట్లు ఉండవు. పాదం పైభాగం, చీలమండ తెరిచి ఉండే చెప్పులే వేసుకోవాలి. స్త్రీలకు ఆ నిబంధన లేదు, వారు మెత్తని బూట్లు, మేజోళ్లు వేసుకోవచ్చు. ప్రయాణానికి రెండు రోజుల ముందు బజారులో కొత్త చెప్పులు కొనడం మన వారి అలవాటు. ఏ సైనికుడూ కొత్త బూటుతో దూరపు నడకకు బయలుదేరడు. వేసుకోబోయే చెప్పులను రెండు నెలల ముందే కొని, రోజూ నడకకు అవే వాడాలి. పట్టీ ఒరుసుకునే చోటు రెండో వారంలోనే తెలిసిపోతుంది. ఆ జతను మార్చుకోవడానికి అప్పటికి ఇంకా సమయం ఉంటుంది. సరిపోయిన జత లాంటిదే మరొకటి కొని, దానిని కూడా ఒక వారం తొడిగి సామానులో పెట్టుకోవాలి. హరమ్ వాకిట్లో విడిచిన చెప్పులు తిరిగి దొరకకపోవడం వెళ్లి వచ్చినవారందరికీ తెలిసిన సంగతే. అందువల్ల చెప్పులు పెట్టుకొని భుజానికి తగిలించుకునే ఒక గుడ్డ సంచి కూడా ఇంటి వద్దనే కుట్టించుకోండి.